63 వేల తప్పులు: ఒక అంకె వెనుక కథ

2000వ సంవత్సరం ఫిబ్రవరి 17వ తేదీన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఒక కొత్త సరుకు విడుదలయింది. అది కారు కాదు, రేడియో కాదు. అసలు చేత్తో పట్టుకుని చూడగల యంత్రమే కాదు. దాని పేరు విండోస్ 2000. కంప్యూటర్లను నడిపించే ఆపరేటింగ్ సిస్టం అది. మైక్రోసాఫ్ట్ అనే సంస్థ ఎన్నో ఏళ్ళు శ్రమపడి దాన్ని తయారుచేసింది.

విడుదలకు నిండా వారం రోజులైనా లేవనగా ఒక వార్త గుప్పుమంది. మార్క్ లుకోవ్‌స్కీ అనే పెద్ద ఇంజనీరు ఆ సంస్థలో తనతో పనిచేసేవారికి రాసిన లేఖ ఒకటి పత్రికల చేతికి చిక్కింది. విండోస్ 2000లో 63 వేలకు పైగా "లోపాలు కావచ్చు" అనదగినవి ఉన్నాయని ఆ లేఖలో ఉంది. ఇంకేముంది! కొత్త సిస్టంలో 63 వేల తప్పులు ఉన్నాయనీ, తెలిసి తెలిసి వాటితోనే అమ్ముతున్నారనీ వార్త దేశదేశాలకూ పాకింది.

ఆ వార్త చదివినవారికి ఏమనిపిస్తుంది? 63 వేల చిల్లులున్న కుండను ఎవరైనా కొంటారా అనిపిస్తుంది. మరి ఆ వార్త నిజమేనా? ఒక్కమాటలో చెప్పాలంటే, అంకె నిజమే, వార్త మాత్రం నిజం కాదు. అంకె నిజమైనప్పుడు వార్త ఎలా అబద్ధమవుతుంది? దీన్ని అర్థం చేసుకోవాలంటే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

ఆపరేటింగ్ సిస్టం ఏం చేస్తుంది?

మీరు ఏదైనా పెద్ద రైల్వే జంక్షనుకు వెళ్ళి చూడండి. నాలుగు వైపుల నుంచి బండ్లు వస్తుంటాయి. ప్లాట్‌ఫారాలు మాత్రం కొన్నే ఉంటాయి. ఏ బండి ఎప్పుడు రావాలి, ఏ ప్లాట్‌ఫారం మీద ఆగాలి, ఏది కాసేపు వెలుపలే నిలబడాలి అన్నది స్టేషన్ మాస్టరు, ఆయన కింద పనిచేసే సిబ్బంది నిర్ణయిస్తారు. వారు లేకపోతే బండ్లు ఒకదాన్నొకటి ఢీకొంటాయి.

కంప్యూటరులో కూడా అంతే. ఒక ప్రోగ్రాము ఉత్తరం టైపు చేయిస్తుంటుంది, ఇంకొకటి లెక్కలు చేస్తుంటుంది, మరొకటి పాట వినిపిస్తుంటుంది. వీటన్నిటికీ ఉన్న జ్ఞాపకశక్తి ఒక్కటే, తెర ఒక్కటే. ఎవరి వంతు ఎప్పుడో, ఎవరికి ఎంత చోటో చూసే పెద్ద ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టం. ఇది చెడితే మిగతావన్నీ చెడినట్టే. అందుకే కొత్త ఆపరేటింగ్ సిస్టంలో తప్పులున్నాయంటే అందరూ ఉలిక్కిపడతారు. ఆ భయం సహజమైనదే.

బగ్ అంటే పురుగేనా?

ప్రోగ్రాములో ఉండే తప్పును ఇంగ్లీషువారు "బగ్" అంటారు. ఆ మాటకు పురుగు అని అర్థం. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ విశ్వవిద్యాలయంవారి మార్క్ 2 అనే కంప్యూటరు సరిగా పనిచేయలేదు. విప్పి చూస్తే ఒక రిలేలో రెక్కల పురుగు ఇరుక్కుని ఉంది. పనిచేసేవారు దాన్ని బయటికి తీసి, దినచర్య పుస్తకంలో అతికించి, నిజమైన పురుగు దొరికిందని సరదాగా రాశారు. బగ్ అనే మాట అక్కడే పుట్టిందని ఇప్పటికీ చాలాచోట్ల రాస్తుంటారు. కాని అంతకు దాదాపు 70 ఏళ్ళ ముందే, 1878లో, థామస్ ఎడిసన్ యంత్రాలలోని చిక్కులను బగ్‌లని తన ఉత్తరంలో రాశాడు. మాట పాతది కాబట్టే 1947లో అది హాస్యమయింది! ఒకరు రాసినదాన్ని మరొకరు ఎత్తి రాస్తూ పోతే కథ ఎలా మారుతుందో చూశారా? ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు పనికివస్తుంది.

నిజమైన తప్పు ఎలా ఉంటుంది?

ప్రోగ్రాములో పురుగులేమీ ఉండవు. మనిషి ఆలోచనలో జరిగిన పొరపాటే ఉంటుంది. దానికి చక్కని ఉదాహరణ విండోస్ 2000 కన్నా ముందు వచ్చిన విండోస్ 95, విండోస్ 98లలో కనిపిస్తుంది.

ఆ సిస్టంలు కంప్యూటరు మొదలైన క్షణం నుంచి కాలాన్ని మిల్లీసెకన్లలో లెక్కపెట్టేవి. సెకనులో వెయ్యో వంతు ఒక మిల్లీసెకను. ఆ లెక్క రాసుకోవడానికి 32 గడులు ఉండేవి. ఒక్కో గడిలో 0 గాని, 1 గాని పడుతుంది. అంటే 32 గడులలో మొత్తం 4,29,49,67,296 రకాల సంఖ్యలు పడతాయి. 2ను 32 సార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య ఇదే. చాలా పెద్దదిగానే ఉంది కదా! కాని అన్ని మిల్లీసెకన్లు గడవడానికి పట్టేది 49 రోజుల 17 గంటల 2 నిమిషాల 47 సెకన్లే. ఆ తర్వాత ఏమవుతుంది? పాత స్కూటరు మీటరులో 99999 తర్వాత 00000 వచ్చినట్టు, లెక్క మళ్ళీ సున్నాకు వస్తుంది. నిన్నటికన్నా ఇవాళ తక్కువయిందేమిటని సిస్టంలోని ఒక భాగం తికమకపడి కంప్యూటరు కదలకుండా బిగుసుకుపోయేది.

విండోస్ 95 వచ్చింది 1995 ఆగస్టు 24న. ఈ తప్పును సంస్థ ఒప్పుకుని సవరణ ఇచ్చింది 1999లో. అన్నాళ్ళు ఎందుకు బయటపడలేదు? ఆ కంప్యూటర్లను 49 రోజులు ఆపకుండా నడిపినవారు బహు తక్కువ. రోజూ సాయంత్రం ఆపి ఇంటికి వెళ్ళేవారికి ఆ తప్పు ఎప్పటికీ ఎదురు కాదు. అంటే తప్పు ఉండడం వేరు, అది మనకు తగలడం వేరు. ఈ తేడా ముఖ్యమైనది.

లేఖలో అసలేముంది?

ఇప్పుడు మళ్ళీ 63 వేల దగ్గరకు వద్దాం. మన భాషలో తప్పు, లోపం, వెలితి, బాకీ, అనుమానం అని వేరువేరు మాటలున్నాయి. వేరువేరు సంగతులకు వేరువేరు మాటలు వాడతాం. చొక్కాకు చిరుగు ఉంటే అది లోపం. జేబు లేకపోతే అది వెలితి. గుండీలు ఇంకా కుట్టకపోతే అది బాకీ ఉన్న పని. చంక దగ్గర కుట్టు వదులుగా ఉందేమోనని తోస్తే అది అనుమానం. ఇవి నాలుగూ ఒకటి కావు. పత్రికల శీర్షికలు చేసిన పని ఈ నాలుగింటినీ ఒకే సంచిలో వేసి "తప్పులు" అని చీటీ అంటించడం.

ఆ లేఖ గురించి వచ్చిన వార్తలను శ్రద్ధగా చదివితే అందులో మూడు రకాల లెక్కలు కనిపిస్తాయి.

మొదటిది, వాయిదా వేసిన అంశాలు. ఇవి 21 వేలకు పైగా ఉన్నాయి. వీటిలో కొన్ని నిజమైన సమస్యలు. కొన్ని కొత్త సౌకర్యాలు కావాలన్న కోరికలు. మరికొన్ని, ఫలానాది ఎలా పనిచేయాలో సరిగా తెలియక రాసిన ఫిర్యాదులు. కోరిక అంటే ఎలా ఉంటుందో ఊహించడానికి మన తెలుగునే తీసుకుందాం. విండోస్ 2000లో దేవనాగరి, తమిళ లిపులకు చోటు దొరికింది. తెలుగు లిపికి దొరకలేదు. 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే అక్షరాలతో తెలుగు చేరింది. విండోస్ 2000లో తెలుగు లేకపోవడం మనకు పెద్ద వెలితే. కాని దానివల్ల కంప్యూటరు ఆగిపోదు. దాన్ని తప్పుల జాబితాలో వేస్తే సరైన లెక్క అవుతుందా?

రెండవది, ఇంజనీర్లు ప్రోగ్రాము నడుమ తమకోసం రాసుకున్న గుర్తులు. ఇవి 27 వేలకు పైగా ఉన్నాయి. ఇక్కడ ఇంకా బాగా రాయవచ్చు, ఇది తర్వాత చూడాలి అని రాసుకుంటారు. దర్జీ గుడ్డ మీద సుద్దముక్కతో గీతలు గీసుకుంటాడు కదా, అలాంటివన్నమాట. సుద్దగీత ఉన్నంతమాత్రాన గుడ్డ చిరిగినట్టు కాదు. అయితే గీసి మరచిపోయిన గీత కింద నిజంగానే కుట్టవలసిన చోటు ఉండవచ్చు.

మూడవది, ఒక పరికరం గుర్తించిన అనుమానాలు. ఇవి 60 వేల పైచిలుకు. శీర్షికలకు ఎక్కిన అంకెకు దగ్గరగా ఉన్నది ఈ లెక్కే. కాబట్టి ఆ పరికరం ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చూద్దాం. ఈ మూడు లెక్కలనూ కలిపి కూడడానికి మాత్రం తొందరపడకండి. ఒకే చోటు రెండు జాబితాలలోనూ ఉండవచ్చు.

నడపకుండానే తప్పులు వెదకడం

ప్రోగ్రామును పరీక్షించడానికి మామూలు పద్ధతి దాన్ని నడిపి చూడడం. కాని 49 రోజుల తప్పు లాంటివి నడిపి చూస్తే త్వరగా బయటపడవు. అందుకని ప్రోగ్రామును నడపకుండా, దాని పాఠాన్ని చదివి అనుమానాలు చెప్పే పరికరాలు పుట్టాయి. ఆ పరికరం కూడా ఒక ప్రోగ్రామే. మైక్రోసాఫ్ట్ వాడిన దాని పేరు ప్రీఫిక్స్.

అది ఎలా ఆలోచిస్తుందో వంటింటి ఉదాహరణతో చూద్దాం. ఒక కాగితం మీద ఇలా రాసి ఉందనుకోండి: "గిన్నె తీసుకో. అందులోని పాలను పొయ్యి మీద పెట్టి కాచు." మన పరికరం ఇది చదివి వెంటనే అడుగుతుంది: "గిన్నెలో పాలు లేకపోతే?" మంచి ప్రశ్నే. ఖాళీ గిన్నెను పొయ్యి మీద పెడితే మాడిపోతుంది. కాబట్టి ఆ పంక్తి పక్కన ఎర్రగీత గీస్తుంది.

ఇప్పుడు రెండు సంగతులు జరగవచ్చు. మొదటిది: ఆ కాగితాన్ని ఎవరు వాడినా, అంతకుముందే వేరొకరు గిన్నె నిండా పాలు పోసి ఉంచే ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటు పరికరానికి కనిపించలేదు. అప్పుడు ఎర్రగీత వట్టిది. రెండవది: పాలు పోసే మనిషి రాని రోజులు కూడా ఉన్నాయి. అప్పుడు ఎర్రగీత సరైనది. గిన్నె మాడడం ఖాయం. ఏ గీత ఏ రకమో తేల్చవలసింది మనిషే. ఒక్కొక్కదాన్ని విప్పి చూడాలి.

పిల్లల దృష్టిని పరీక్షించడానికి బడికి వచ్చే డాక్టర్లు కూడా ఇలాగే చేస్తారు. పటంలోని చిన్న అక్షరాలు చదవలేనివారందరి పేర్లూ రాసుకుంటారు. వారిలో కొందరికి కళ్ళజోడు కావాలి. కొందరు ఆ వేళకు కళ్ళు నలుపుకుంటూ ఉన్నవారే. రాసుకున్న పేర్లన్నీ కంటిజబ్బు ఉన్నవారివని ఎవరైనా ప్రకటిస్తే డాక్టరు ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. పేరు రాయడం తదుపరి పరీక్షకు మాత్రమే.

పరికరం చూపిన అనుమానాలలో 28 వేల దాకా నిజమైన సమస్యలు కావచ్చునని ఆ లేఖలోనే అంచనా ఉంది. అంటే సగానికన్నా తక్కువ. పత్రికలకు దొరికిన లేఖలోనే ఈ మాట ఉంది. మొదట ఆ సంగతి బయటపెట్టిన వార్తలో కూడా విడివిడి లెక్కలు ఉన్నాయి. కాని శీర్షికలో పట్టేది ఒక్క అంకే. చేతులు మారినకొద్దీ లోపల రాసిన లెక్కలు రాలిపోయాయి, పై అంకె మిగిలింది. "కావచ్చు" అనే చిన్నమాట కూడా రాలిపోయింది. మార్క్ 2 కంప్యూటరులోని పురుగు కథకు పట్టిన గతే దీనికీ పట్టింది.

ఎంతలో ఎన్ని?

ఒక అంకె పెద్దదా చిన్నదా అన్నది దేనితో పోలుస్తామో దాన్నిబట్టి ఉంటుంది. మీ సంచిలోని బియ్యంలో పది రాళ్ళుంటే ఎక్కువా? గుప్పెడు బియ్యంలో పది రాళ్ళుంటే చాలా ఎక్కువ. బస్తాలో పది రాళ్ళుంటే ఏరిన మనిషిని మెచ్చుకోవాలి.

విండోస్ 2000 ప్రోగ్రాము పాఠం సుమారు 2 కోట్ల 90 లక్షల పంక్తులు. పేజీకి 40 పంక్తుల చొప్పున అచ్చువేస్తే 7,25,000 పేజీలు అవుతుంది. 200 పేజీల పుస్తకాలుగా కట్టిస్తే 3,625 పుస్తకాలు! చిన్న ఊరి గ్రంథాలయం నిండిపోతుంది. దీన్ని రాసిన బృందంలో సుమారు 1,400 మంది, పరీక్షించిన బృందంలో సుమారు 1,700 మంది పనిచేశారు. రాసేవారికన్నా పరీక్షించేవారే ఎక్కువని గమనించారా?

ఇప్పుడు 63 వేలను 3,625 పుస్తకాలకు పంచండి. ఒక్కో పుస్తకానికి 17 అనుమానపు గీతలు వస్తాయి. పంక్తుల లెక్కన చూస్తే వెయ్యి పంక్తులకు రెండు గీతలు, కొంచెం పైన. నిజమైన సమస్యలు 28 వేలనుకుంటే వెయ్యి పంక్తులకు ఒకటి. స్టీవ్ మెక్కనెల్ అనే నిపుణుడు 1993లో వెలువరించిన ఒక ప్రసిద్ధ గ్రంథంలో, వాడకానికి ఇచ్చిన ప్రోగ్రాములలో వెయ్యి పంక్తులకు 15 నుంచి 50 దాకా తప్పులుండడం మామూలని లెక్క చెప్పాడు. ఆ లెక్కా ఈ లెక్కా ఒకే కొలబద్దతో కొలిచినవి కావు కాబట్టి వీటిని పక్కపక్కన పెట్టి పందెం వేయకూడదు. అయినా ఒక్క సంగతి స్పష్టం. పెద్ద ప్రోగ్రాములో తప్పులుండడం వింత కాదు. తప్పుల్లేని పెద్ద ప్రోగ్రామంటేనే వింత.

అయితే సంస్థ మాటే సరైనదా?

వార్త వచ్చాక మైక్రోసాఫ్ట్ జవాబు చెప్పింది. ఆ లేఖ తమ ఇంజనీర్లను ఉత్సాహపరచి, తర్వాతి సిస్టం మొదలుపెట్టేముందు పాత పాఠాన్ని శుభ్రం చేయించడానికి రాసినదని అంది. ప్రతి సాఫ్ట్‌వేరులోనూ ఏవో కొన్ని సమస్యలుంటాయనీ, విండోస్ 2000ను ఎంతో విస్తృతంగా పరీక్షించామనీ చెప్పింది. ఈ మాటలలో నిజం ఉంది. అనుమానాల జాబితా దాచకుండా రాసి, ఇంత బాకీ ఉంది, తీర్చండి అని తోటివారికి చెప్పిన ఇంజనీరు మంచిపనే చేశాడు. ఇల్లు ఊడ్చేవారికే దుమ్ము ఎంత ఉందో తెలుస్తుంది. పరికరం పెట్టి వెదకని సంస్థలో జాబితాయే ఉండదు. జాబితా లేదు కాబట్టి తప్పుల్లేవనగలమా?

కాని ఇక్కడితో ఆగిపోతే మనం కూడా సగం కథే చెప్పినవాళ్ళమవుతాం. పత్రికల లెక్క తప్పయినంతమాత్రాన భయపడవలసినదేమీ లేదని కాదు. 28 వేలు కూడా చిన్న సంఖ్య కాదు. పైగా డబ్బు పెట్టి కొనేవారికి లోపలి సంగతి తెలుసుకునే హక్కు ఉంది. ఆ లేఖను బయటపెట్టడంలో పత్రికల తప్పేమీ లేదు. దాన్ని చదివి చెప్పిన తీరులోనే తప్పు ఉంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. 63 వేల గురించి జరిగిన వాదంలో ఇరుపక్షాలవారూ ఎన్ని అన్నదాని మీదే మాట్లాడారు. ఏది అన్నది వెనకబడిపోయింది. ఏడాదిన్నర తిరగకముందే దాని విలువ తెలిసివచ్చింది.

ఒక్క తప్పు బరువు

2001 జూలై 19వ తేదీన కోడ్ రెడ్ అనే పురుగు ప్రపంచమంతటా వ్యాపించింది. ఇది రెక్కల పురుగు కాదు. తనంతట తానే ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు పాకే ప్రోగ్రాము. 14 గంటలలోపే 3,59,000కు పైగా కంప్యూటర్లలోకి జొరబడింది. సగటున నిమిషానికి 400కు పైగా అన్నమాట!

ఇన్ని కంప్యూటర్లలోకి అది ఎన్ని దారుల్లో దూరింది? ఒకే ఒక్క దారి. విండోస్ ఎన్‌టీ, విండోస్ 2000 సిస్టంలతో వెబ్ పేజీలు అందించే కంప్యూటర్లలో ఒక భాగం ఉండేది. బయటినుంచి వచ్చిన మాటను అది ఒక గడిలో రాసుకునేది. గడిలో పట్టేదానికన్నా పొడవైన మాట వస్తే ఆపాలి. ఆ తనిఖీ సరిగా లేదు. బియ్యం డబ్బాలో మట్టానికి మించి పోస్తే గింజలు పక్కనున్న పప్పు డబ్బాలో పడినట్టు, ఎక్కువైన అక్షరాలు పొంగి పక్క గడిలో పడేవి. ఆ పక్క గడిలో కంప్యూటరు తర్వాత చేయవలసిన పని రాసి ఉంటుంది. దుర్మార్గుడు కావాలని లెక్కచూసి అక్షరాలు పంపితే అక్కడ తన ఆజ్ఞ రాసేయవచ్చు. కంప్యూటరు దాన్నే శిరసావహిస్తుంది.

ఈ తప్పుకు సవరణ అప్పటికి నెలరోజుల ముందే, జూన్ 18న, మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. కాని చాలామంది దాన్ని తమ కంప్యూటర్లలో వేసుకోలేదు. తప్పును దిద్దడం ఒక పని, దిద్దినదాన్ని అందరికీ చేర్చడం మరొక పని. రెండూ జరిగితేనే రక్ష.

చూశారా! ఒకవైపు వేలకొద్దీ సుద్దగీతలు ఎవరికీ ఏ హానీ చేయలేదు. మరోవైపు ఒక్క తనిఖీ లేకపోవడం లక్షల కంప్యూటర్లను పడగొట్టింది. తప్పులను తలలు లెక్కపెట్టినట్టు లెక్కిస్తే ఈ రెండింటికీ తేడా కనబడదు. తప్పులను తూకం వేయాలి. ఇలాంటి దాడులు వరుసగా జరిగాక, 2002 జనవరిలో మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్ తన ఉద్యోగులందరికీ లేఖ రాశాడు. ఇకపై కొత్త హంగులకన్నా భద్రతకే ముందు స్థానం ఇవ్వాలన్నది దాని సారాంశం. ప్రోగ్రాము పాఠాన్ని చదివి అనుమానాలు చెప్పే పరికరాలు ఇప్పుడు చాలా సంస్థలలో వాడుకలో ఉన్నాయి. ఒకప్పుడు పరువు తీసిన జాబితా ఇప్పుడు శుభ్రతకు గుర్తు.

అంకె కనబడితే నాలుగు ప్రశ్నలు

విండోస్ 2000కు సంస్థ మద్దతు 2010 జూలైలోనే ముగిసిపోయింది. కాని ఆ వార్త నేర్పిన పాఠం పాతబడలేదు. రేపు పత్రికలో మీకు జబ్బుల గురించి, పంటల గురించి, పరీక్షా ఫలితాల గురించి పెద్ద అంకె కనబడవచ్చు. దాన్ని నమ్మేముందు, కొట్టిపారేసేముందు ఈ నాలుగు ప్రశ్నలు వేయండి.

1. లెక్కపెట్టినది దేన్ని? తేలిన తప్పులనా, అనుమానాలనా, కోరికలనా?

2. ఎంతలో అన్ని? మొత్తం ఎంతో తెలియకుండా అంకె పెద్దదో చిన్నదో చెప్పలేం.

3. ఒక్కొక్కదాని బరువు ఎంత? చాలా చిన్నవి కలిసి ఉన్నాయా, లేక ప్రమాదకరమైనవి కొన్ని ఉన్నాయా?

4. ఆ అంకె మొదట ఎవరు, ఎవరికి, ఎందుకోసం చెప్పారు? చేతులు మారినప్పుడు ఏ మాట రాలిపోయింది?

నాలుగింటికీ జవాబు దొరికితే అప్పుడా అంకె విజ్ఞానం అవుతుంది. దొరకకపోతే అది వట్టి చప్పుడు.

మీరే చేసి చూడండి

1. ఒక గడియారం లెక్క 16 గడులలో రాస్తున్నారు. అది సెకన్లు లెక్కపెడుతుంది. ఎంతసేపటికి మళ్ళీ సున్నాకు వస్తుంది? (సూచన: 2ను 16 సార్లు వేసి గుణిస్తే 65,536.) అదే 32 గడులలో సెకన్లు లెక్కపెడితే ఎన్ని సంవత్సరాలు పడుతుందో కూడా చూడండి.

2. మీ స్నేహితుడు రాసిన ఒక పేజీ వ్యాసం తీసుకోండి. అనుమానం తోచిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టండి. తర్వాత నిఘంటువు చూసి, మాస్టారిని అడిగి, నిజమైన తప్పులెన్నో తేల్చండి. గీతలలో నూటికి ఎన్ని నిజమయ్యాయి? మీరు గీత పెట్టకుండా వదిలేసిన తప్పులు ఏమైనా ఉన్నాయా?

3. 2004 డిసెంబరులో కవరిటీ అనే సంస్థ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ముఖ్యభాగాన్ని మరో పరికరంతో చదివించి, 57 లక్షల పంక్తులలో 985 తప్పులు కనిపించాయని ప్రకటించింది. వెయ్యి పంక్తులకు ఎన్ని? ఈ అంకెనూ విండోస్ 2000 అంకెనూ పోల్చి ఒకటి ఇన్ని రెట్లు మేలని ఎవరైనా రాస్తే, పై నాలుగు ప్రశ్నలలో ఏవేవి వేసి ఆ వార్తను పరీక్షిస్తారు? మీ జవాబును తరగతిలో చర్చించండి.